పిల్లల పుస్తకాల్లో కొండలు: బాన్సువాడ నుంచి చూస్తే

బాన్సువాడ వరి పండే నేల. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను కాలువల్లోకి మళ్లించినప్పటి నుంచి ఇక్కడి పంటలూ అప్పులూ పెళ్లి ముహూర్తాలూ ఆ నీటి లెక్కతోనే నడుస్తున్నాయి. ఆ మంజీర పుట్టింది మహారాష్ట్రలో, బీడ్ జిల్లా వైపు బాలాఘాట్ కొండల్లో, సముద్రమట్టానికి 820 మీటర్ల పైచిలుకు ఎత్తున. ఇక్కడి పిల్లలు తినే అన్నంలో ఆ కొండల మీద కురిసిన వాన ఉంది. గంగ హిమాలయాల్లో పుట్టిందని మాత్రం బాన్సువాడలో ఏ పిల్లవాణ్ని లేపి అడిగినా చెబుతాడు. మంజీర ఏ కొండలో పుట్టిందో చెప్పగలిగేలా మన పుస్తకాలు వాణ్ని తయారు చేయలేదు.

కొండ ప్రాంతాల గురించి పిల్లల పుస్తకాలు ఏం నేర్పుతున్నాయన్న ప్రశ్నను ఇలాంటి కింది ఊళ్ల నుంచే అడగాలి. కొండ మీద పుట్టిన పిల్లకు కొండ గురించి పుస్తకం కొత్తగా చెప్పేది తక్కువ. కింద పుట్టిన పిల్లకు అక్కడి మనుషులు ఎలా ఉంటారో, ఏం తింటారో, ఎందుకు నవ్వుతారో చెప్పేది చాలావరకు పుస్తకమే. నా అభిప్రాయం ముందే చెబుతాను. తెలుగులో పిల్లల పుస్తకాలు కొండను మొక్కడానికి చూపాయి, భయపడటానికి చూపాయి, ఎక్కి జెండా పాతడానికి చూపాయి. అక్కడే వండుకు తిని, పోట్లాడుకుని, బడికి నడిచి బతికే మనుషులను చూపడంలో వెనకబడ్డాయి. మంచి మినహాయింపులు ఉన్నాయి. వాటి కోసమే ఈ సమీక్ష.

మన పిల్లలకు మొదటి కొండ పురాణంలో ఎదురవుతుంది. సూర్యుడికి అడ్డం పడేదాకా పెరిగిన వింధ్యుడు, అగస్త్యుడు తిరిగొచ్చేదాకా వంగే ఉంటానని మాటిచ్చి అలాగే ఉండిపోయాడు. మైనాకుడు సముద్రంలోంచి లేచి హనుమంతుణ్ణి కాసేపు ఆగి అలుపు తీర్చుకోమన్నాడు. ఇంద్రుడు రెక్కలు నరకక ముందు కొండలన్నీ ఎగిరేవట. చిన్న పిల్లలకు ఇంతకన్నా మంచి మొదలు ఉండదని నేను నమ్ముతాను. ఈ కథల్లో కొండకు గర్వం ఉంది, సిగ్గు ఉంది, స్నేహం ఉంది. పైగా వింధ్య దాటి అగస్త్యుడు వచ్చింది మన వైపుకే. ఆ కథ పక్కన ఒక పటం వేసి వింధ్య ఎక్కడ, గోదావరి ఎక్కడ, మనం ఎక్కడ అని చూపిస్తే ఏడేళ్ల పిల్లకు దక్కను పీఠభూమి అర్థమవుతుంది. బొమ్మల పురాణాలు వేసేవాళ్లు ఆ ఒక్క పేజీ దగ్గర ఆగిపోతారు.

తర్వాతి మెట్టు చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికకు దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి వరసగా సీరియళ్లు రాశారు. ‘రాకాసి లోయ’, ‘యక్షపర్వతం’ అన్న పేర్లు చాలు, ఆ తరం పాఠకుల ఒళ్లు జలదరించడానికి. వాటి మీద ఆయన పేరు కూడా పడేది కాదు. చిత్రా వేసిన బొమ్మల్లో కొండలు నిట్టనిలువుగా లేచేవి, లోయల్లో పొగమంచు, గుహ నోట్లో రెండు కళ్లు. ఊరు దాటి బయటి ప్రపంచం ఎరగని లక్షల మంది పిల్లలకు ఎత్తు అంటే ఏమిటో, లోతు అంటే ఏమిటో ఆ పేజీలే చూపాయి. కొన్ని కథల్లో ఆటవిక యువకులే కథానాయకులు కూడా. ఆ మేలు తక్కువది కాదు. కానీ అది ఏ కాలానికీ ఏ జిల్లాకూ చెందని కొండ. అక్కడ మాంత్రికుడికి గుహ ఉంటుంది, బలిపీఠం ఉంటుంది. జొన్న చేను ఉండదు, జ్వరం వస్తే మంచం మీద మోసుకుపోవాల్సిన తోవ ఉండదు. ఆ కథలు మాత్రమే చదివి పెరిగినవాళ్లు పెద్దయ్యాక ఆదిలాబాద్ గోండు గూడేల గురించి పేపర్లో చదివినా, మనసులో ఆ గుహే మెదులుతుంది.

బొమ్మల విషయం ఇంకొంచెం చెప్పాలి. ఏ బడిలోనైనా కొండ గీయమంటే పిల్లలు రెండు త్రికోణాలు గీస్తారు. వాటి మధ్య సగం సూర్యుడు, కిందికి వంకరగా పారే ఏరు, పక్కన ఒక గుడిసె, రెండు కొబ్బరి చెట్లు. బాన్సువాడ నుంచి ఏ దిక్కుకు బస్సెక్కినా అలాంటి త్రికోణపు కొండ ఒక్కటీ కనబడదు. కనబడేవి గుట్టలు: ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రాళ్లు, ఏనుగు వీపులాంటి బండలు, సందుల్లో సీతాఫలం చెట్లు. పిల్లలు కిటికీలోంచి చూసింది గీయరు, పుస్తకంలో చూసింది గీస్తారు. పుస్తకంలో బొమ్మ వేసిన చిత్రకారుడూ చిన్నప్పుడు అదే త్రికోణం నేర్చుకున్నాడు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

ఆ గుండ్రాయి ఎలా వచ్చిందన్నది ఏ మాయాకథకూ తీసిపోని సంగతి. తెలంగాణ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోతుల్లో గట్టిపడిన ఆ రాయి, పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడింది. దాని పగుళ్ల వెంట నీళ్లు దిగాయి. నీళ్లకు మూలలు రెండు మూడు వైపుల నుంచి దొరుకుతాయి కాబట్టి అవే ముందు అరిగాయి. మెత్తబడిన మట్టి వానకు కొట్టుకుపోయి, లోపలి గట్టి గుండు మిగిలింది. బాన్సువాడ నుంచి పడమరకు, జుక్కల్, మద్నూర్ల వైపు వెళ్తే రాయే మారిపోతుంది. అక్కడి నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పారి గడ్డకట్టిన లావా. ఆ నల్లరేగడి అంతా దాని పొడే. హిమాలయాలు లేవడం మొదలై ఇంచుమించు 5 కోట్ల ఏళ్లు. అంటే ఒకే నియోజకవర్గం చుట్టుపక్కల తిరిగే పల్లెవెలుగు బస్సులో కూర్చున్న పిల్ల, హిమాలయాల కంటే పాతవైన రెండు రకాల రాళ్ల మీదుగా బడికి పోతోంది. “హిమాలయాలు ప్రపంచంలో అత్యంత ఎత్తయినవి” అన్న వాక్యం పక్కన ఈ మాట కూడా ఉంటే పిల్లలకు తమ నేల మీద గౌరవం పుడుతుంది.

పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన ఆరో తరగతి సాంఘికశాస్త్రం భూస్వరూపాలను నిర్వచనాలతో సరిపెట్టలేదు. మూడు ఊళ్లు తీసుకుంది. డెల్టాకు కృష్ణా జిల్లా పెనమకూరు, పీఠభూమికి మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు, కొండకు వాజేడు మండలంలోని పెనుగోలు. ఆ మండలం అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది, ఇప్పుడు ములుగులో ఉంది. కొండ అంటే ఇంత ఎత్తుకు మించినది అని బట్టీ పట్టించే బదులు, కొండ మీది ఊరికి ఎలా చేరాలి, అక్కడ పోడు ఎలా చేస్తారు, అడవి నుంచి ఏం తెచ్చుకుంటారు అని అడగడం మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద మలుపు. ఆ పాఠంలో కొండకు చిరునామా ఉంది. అక్కడి మనుషులకు పని ఉంది. తెలుగులో కొండ ప్రాంతం గురించి పిల్లల కోసం రాసినవాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఏ కథల పుస్తకాన్నీ కాదు, ఈ పాఠాన్నే.

లోటు లేదని కాదు. పెనుగోలును మనం వెళ్లి చూసి వస్తాం. పెనుగోలు పిల్ల మనతో మాట్లాడదు. ఆమెకు పొడుపుకథలు వచ్చా, ఆమెకు ఏ ఆట ఇష్టం, కిందికి సంతకు దిగినప్పుడు మనల్ని చూసి ఏమనుకుంటుంది అన్నవి పాఠంలోకి రావు. పరీక్ష వచ్చేసరికి మిగిలేది “పోడు వ్యవసాయం అనగానేమి?” అన్న రెండు మార్కుల ప్రశ్న. ఇది పాఠం రాసినవాళ్ల లోపం కాదు, మనం చదివించే పద్ధతిది.

కేంద్ర సిలబస్ పాత ఐదో తరగతి పరిసరాల పుస్తకంలో ఇంకో మంచి పాఠం ఉండేది. గౌరవ్ జానీ అనే ఆయన ముంబై నుంచి ఒంటరిగా మోటారుసైకిల్ మీద లద్దాఖ్ వెళ్లిన యాత్ర అది. లేహ్‌లో రాతి ఇంట్లో కింది అంతస్తు పశువులకు ఎందుకు వదిలారో, చాంగ్‌థాంగ్ ఎత్తుల్లో చాంగ్పాలు జడల బర్రె వెంట్రుకలతో నేసుకున్న ‘రేబో’ డేరాలో ఎలా ఉంటారో, వాళ్ల మేకల వెచ్చటి బొచ్చు శాలువాగా మారి ఎక్కడెక్కడికి పోతుందో చెప్పేది. అదే పుస్తకంలో ఉత్తరకాశీ పర్వతారోహణ శిబిరం గురించి ఒక పాఠం, బచేంద్రీ పాల్ గురించి కొంత కథ ఉండేవి. ఇల్లు అనే ఒక్క వస్తువు పట్టుకుని చలి, గాలి, పశువు, వ్యాపారం అన్నీ చెప్పడం ఎలాగో లద్దాఖ్ పాఠం నేర్పుతుంది. మన గుట్టల గురించి రాసేవాళ్లు దాన్ని ముందు పెట్టుకు చదవాలి.

కొండ పిల్లలకే పుస్తకాలు రాసినవాళ్ల చరిత్ర కూడా మనకు ఉంది. దాన్ని బాలసాహిత్య చరిత్రలో కలపడం మరిచిపోయాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి అక్కడి కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరు అందరికీ తెలుసు. ‘వాళ్ల మాటలోనే చదువు’ అన్న పట్టుదలను ఆయన ముందు ఆ కొండల్లోనే ఆచరించారన్నది తక్కువమందికి తెలుసు. నిజాం రాజ్యంలో, జోడేఘాట్‌లో కుమురం భీం 1940లో చనిపోయిన మూడేళ్లకు, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అక్కడి బడుల కోసం దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. బాన్సువాడ చుట్టుపక్కల తండాలెన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. బంజారా వాచకంలోని ఒక పాటనో కథనో పక్క ఊరి తెలుగు పిల్లలు కూడా చదివి ఉంటే తండా మీద వాళ్ల చూపు వేరేగా ఉండేది. ఆ పుస్తకాలు పైవాళ్లకే అనుకున్నాం. కిందికి తేలేదు.

వీరుల జీవిత కథల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలుపెట్టి 1924 మే 7న చనిపోయేదాకా నడిపిన పోరాటం మన పిల్లలకు తప్పక తెలియాలి. కానీ పిల్లల కోసం రాసిన చాలా పుస్తకాల్లో మన్యం ప్రజలు “అమాయకులైన కొండజాతి వారు”. అమాయకులట! ఆ కొండల్లో ఏ కాలిబాట ఎటు పోతుందో, ఏ చెట్టు కింద నీళ్లుంటాయో, పోలీసులు వస్తున్నారని ఎలా కబురు పంపాలో ఎరిగినవాళ్లు లేకపోతే రెండేళ్లు పోరాటం నిలిచేది కాదు. గాం గంటందొర, మల్లుదొరల పేర్లు ఒక వాక్యంలో వచ్చి పోతాయి. అటవీ చట్టాలు పోడును ఆపడం, రోడ్డు పనిలో వెట్టి చేయించడం లాంటి అసలు కారణాలు రెండు వరుసల్లో ముగుస్తాయి. కుమురం భీం కథలో కథానాయకుడు కొండబిడ్డే కాబట్టి కొంత నయం. ‘జల్, జంగల్, జమీన్’ అన్న నినాదం పిల్లలకు వచ్చు. ఆ మూడూ ఎవరి దగ్గర నుంచి ఎలా పోయాయో కూడా చెప్పే పుస్తకం కావాలి.

అనువాదాల సంగతి క్లుప్తంగా. మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు పనిచేసిన రోజుల్లో సోవియట్ పుస్తకాలు తెలుగులో చౌకగా దొరికేవి. చింగీజ్ ఐత్మాతొవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’ ఆ దారినే మనకు అందింది. కిర్గిజ్ కొండల కింద ఒక పల్లె. అంతంత మాత్రం చదువు వచ్చిన దూయిషెన్ అనే యువకుడు పాత గుర్రపుశాలను బడిగా మార్చి, గడ్డకట్టించే చలిలో పిల్లలను వీపున ఎక్కించుకుని వాగు దాటిస్తాడు. దారిన పోయే రౌతులు వెక్కిరిస్తారు. కొండ ప్రాంతంలో చదువంటే ఏమిటో అంతకన్నా సూటిగా చెప్పిన పేజీలు నాకు గుర్తులేవు. ఇప్పటి పుస్తకాల్లో ప్రథమ్ బుక్స్ వేసిన ‘చుస్కిత్ బడికి వెళ్లింది’ తరహా కథ ఆ వరసలోదే. సుజాతా పద్మనాభన్ రాసిన ఆ కథలో చక్రాల కుర్చీ మీదున్న లద్దాఖ్ అమ్మాయి కోసం తోటి పిల్లలూ ఊరూ కలిసి బాట చదును చేస్తారు. స్విట్జర్లాండ్‌లో 1945లోనే సెలీనా షోంజ్ తన కొండ భాష రోమాన్ష్‌లో ఒక కుర్రవాడి కథ రాసింది. ఊరి పండక్కి తనకు చిన్న గంట ఇచ్చారని అలిగి, పెద్ద గంట కోసం మంచులో వేసవి మకాం దాకా ఒంటరిగా ఎక్కే పిల్లవాడి కథ. దానికి బొమ్మలు వేసిన అలోయిస్ కారిజియే కూడా కొండ ప్రాంతం వాడే. 1966లో చిత్రకారులకు తొలిసారి హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం ఇచ్చినప్పుడు అందుకున్నది ఆయనే. ఒక గంట, ఒక అలక, ఒక ఎక్కుడు. అంతే కథ. ఆ కొండల ఇళ్లు, గోడల మీది ముగ్గులు, పశువులు అన్నీ వాటంతట అవే వచ్చాయి.

మన దగ్గర అలాంటి కథకు సామగ్రి కొదవ లేదు. వర్ని దగ్గర పెద్దగుట్ట మీద బడా పహాడ్ దర్గా ఉంది. కులమతాల పట్టింపు లేకుండా కుటుంబాలు మెట్లెక్కి పోతాయి, మొక్కు తీర్చుకుని అక్కడే వండుకు తింటాయి. జుక్కల్ వైపు కౌలాస్ కోట ఉంది. 1857లో నిజాంకూ తెల్లవాళ్లకూ ఎదురు నిలిచి పట్టుబడిన రాజా దీప్‌సింగ్ కోట అది. ఆర్మూర్‌లో సిద్ధులగుట్ట, భీంగల్‌లో లింబాద్రిగుట్ట. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది తునికాకు. ఎండాకాలంలో గుట్టల మీద, అడవుల్లో కోసి, కట్టలు కట్టి, ఆరబెట్టిన ఆకు కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల ఇళ్ల వాకిళ్లలోకి వస్తుంది. అమ్మ చేటలో పెట్టుకుని దాన్ని కత్తెరతో కొలతకు కోస్తుంది, తంబాకు వేసి చుడుతుంది, దారం కడుతుంది. బీడీలు చుట్టే అమ్మ పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునే పిల్లలు మన బడుల్లో లెక్కకు మించి ఉన్నారు. ఆ ఆకు ఏ గుట్ట మీద, ఎవరి చేతుల్లో తెగింది అని అడిగే ఒక్క బొమ్మల పుస్తకం చాలు, కొండకూ వాళ్ల వాకిలికీ ఉన్న బాట కనబడటానికి. గుట్టలను క్వారీలు ఎలా తింటున్నాయో కూడా పిల్లలకు చెప్పాలి. 250 కోట్ల ఏళ్లు నిలిచిన రాయి వంటగది గట్టు కోసం ముక్కలవుతుంటే అది వాళ్లకు సంబంధం లేని విషయం కాదు.

ఇక మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల ఆమె ఊరు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. తాడ్వాయి ఇప్పుడు బాన్సువాడ ఉన్న కామారెడ్డి జిల్లాలోనే ఉంది. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ శిఖరం ఎక్కిన అమ్మాయిల్లో ఆమే అందరికన్నా చిన్నది. 2017లో రాహుల్ బోస్ ఆమె కథను సినిమా తీశారు. 2019లో అపర్ణ తోట ఇంగ్లీషులో ఆమె జీవితాన్ని పుస్తకంగా రాశారు. 2022లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది.

పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కథను మనం రికార్డు దగ్గర ముగిస్తున్నాం. కానీ అందులో పిల్లలకు కావాల్సినవి వేరే ఉన్నాయి. పూర్ణ మొదట తాడు పట్టుకుని ఎక్కింది భువనగిరి బండ. ఆ ఏకశిల మన గుట్టల కుటుంబంలోదే. తర్వాతే డార్జిలింగ్, లద్దాఖ్, ఆ తర్వాత టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు. అంటే ప్రపంచంలోని అతి ఎత్తయిన చోటికి దారి తెలంగాణ రాయి మీద మొదలైంది. ఆమె ఎవరెస్టు ఎక్కిన ఏడాదే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు చరియ విరిగి 16 మంది చనిపోయారు. అందరూ బరువులు మోస్తూ, దారి వేస్తూ పనిచేస్తున్న నేపాల్ మనుషులే. ఎవరెస్టు కథ చెప్పే పుస్తకంలో వాళ్లు కూడా ఉండాలి. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో ఒక్కటే చూసిన పిల్లకు, ఆ కొండ కింద ఊళ్లున్నాయనీ, ఆ ఊళ్లలో తన ఈడు పిల్లలు నాన్న తిరిగొచ్చేదాకా ఎదురు చూస్తారనీ తెలియదు. తెలిస్తే పూర్ణ సాధించింది తగ్గదు, ఇంకా పెరుగుతుంది. కూలికి పోయే తల్లిదండ్రుల కూతురికి ఆ ఎదురుచూపు ఎవరూ వివరించనక్కర్లేదు.

కాబట్టి అడగాల్సినవాళ్లను అడుగుతున్నాను. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ పాఠాలు మార్చినప్పుడల్లా పెనుగోలు లాంటి ఊరిపాఠాన్ని కాపాడాలి, దానికి అక్కడి పిల్లల మాటను చేర్చాలి. బాలసాహిత్య ప్రచురణకర్తలు పూర్ణ కథను ఐదో తరగతి పిల్ల చదివే తెలుగులో, భువనగిరి బండ బొమ్మతో మొదలుపెట్టి, బడి గ్రంథాలయం కొనగలిగే ధరకు వేయాలి. చిత్రకారులు త్రికోణం వదిలి ఒక్కసారి వర్ని దారిలో బస్సు దిగి గుట్టను చూసి గీయాలి. ఇక బాన్సువాడ, బీర్కూర్, వర్ని, జుక్కల్ మండలాల ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ మధ్య మన ప్రభుత్వ బడుల పిల్లల కథలను పంతుళ్లే పోగుచేసి పుస్తకాలు వేస్తున్నారు, ఎంతో మంచి పని. ఈసారి సీతాఫలాల కాలంలో పిల్లలకు ఒక విషయం ఇవ్వండి: మీ ఊరికి దగ్గరి గుట్ట. దాని మీద ఏం పండుతుంది, ఎవరు ఎక్కుతారు, ఎవరు తవ్వుతున్నారు, మీ తాతమ్మ దాని గురించి ఏం చెబుతుంది అని అడిగి రాయించండి. అచ్చు వేయించి, ఒక ప్రతిని పెనుగోలు బడికి కూడా పంపండి.